ఈ వారం బారీ ఎవరిది

పోయిన వారం కురిసిన వానకు బేగంబజార్‌లోని మా గోదాము వెనక గోడ చెమ్మ పట్టి, అడుగు వరసలోని గోనె సంచులు తడిశాయి. ఇరవై రెండేళ్లుగా అక్కడ సంచులు లెక్కపెట్టడమే నా పని. పొద్దున షట్టర్ ఎత్తగానే తడి జనుము వాసన ముఖానికి కొట్టింది. పాత ధాన్యమూ మట్టీ కలిసి మగ్గిన వాసన. హమాలీలు తిట్టుకుంటూ సంచులు బయటికి లాగుతుంటే, నేను లెక్క ఎక్కడ ఆపానో మరిచి నిలబడిపోయాను. అది ఖైరున్ ఆపా ఇంటి వాసన.

ఖైరున్నీసా కిషన్‌బాగ్‌లో మా గల్లీలోనే, మా ఇంటికి నాలుగిళ్ల కింద ఉండేది. బజారు నుంచి వచ్చే చిరిగిన సంచులకు దబ్బనంతో మాసికలు వేసి కుట్టేది. ఒక్క గది ఇల్లు, అందులో సగం సంచులే. చిన్నా పెద్దా, హిందువులూ ముస్లింలూ అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలిచేవాళ్లు. ఆమె పోయి నాలుగు నెలలైంది. మీకు ఆమె పేరు ఇప్పటికే తెలిసి ఉంటే, మెయిన్ రోడ్డు మీద కట్టిన ఫ్లెక్సీ చూసి తెలిసి ఉంటుంది. 'ఒంటిచేత్తో నీళ్లు తెచ్చిన వీరనారి' అని దాని మీద రాశారు. అది అబద్ధం. ఆమెను పొగుడుతూ ఆమె మీద చెప్పిన అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను.

మా గల్లీలో నలభై ఆరు ఇళ్లు. రోడ్డు నుంచి మూసీ వైపు వాలుగా దిగుతుంది. మలుపుకు పైన ఇరవై ఇళ్లు, కింద ఇరవై ఆరు. నీళ్లు రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి వచ్చేవి. రోడ్డు మీద ఫంక్షన్ హాలు లేచాక కింది ఇళ్ల నల్లాలు సన్నబడ్డాయి. హాలు సంపుకు మలుపు దగ్గర మా పైపు నుంచే లావుపాటి కనెక్షన్ ఇచ్చారని తర్వాత తెలిసింది. పెళ్లికి వచ్చినవాళ్లు ఒక్కపూట చేతులు కడుక్కోవడానికి ఇరవై ఆరు ఇళ్ల వంట నీళ్లు పోయేవి. నీళ్ల ఆఫీసులో అడిగితే, వాలులో ఉన్నవాళ్లకు అంతేనని సమాధానం. వాలులో నీళ్లు కిందికి పోతాయా పైకి పోతాయా అని ఆ ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. భిన్నాలూ సగటులూ శాతాలూ పాత పుస్తకాలు కొనుక్కుని నేనే నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది. నీళ్ల సంగతి మాట్లాడుకోవడానికి ఆపా ఇంట్లో అందరూ కూడుతున్నారని విని, ఇరవై పూటల లెక్క రాసిన నోటుబుక్కు పట్టుకుని పోయాను. నల్లా ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, పైన ఎంత సేపు, కింద ఎంత సేపు, అన్నీ అందులో ఉన్నాయి.

"పైన నలభై నిమిషాలు, కింద నలభై నిమిషాలు. టైముల తేడా లేదు ఆపా," అన్నాను.

కింది ఇళ్ల మల్లమ్మ పకపకా నవ్వింది. పెళ్లి వంటల దగ్గర గిన్నెలు తోమే పని ఆమెది. "అన్న పుస్తకంల నీళ్లున్నయంట. బిందెలు తెచ్చుకోండ్రి, నింపుకుందాం."

అందరూ నవ్వారు. ఆపా మాత్రం నవ్వలేదు. దబ్బనం సంచికి గుచ్చి పెట్టి, నోటుబుక్కు తీసుకుని తిరగేసింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. అయినా ప్రతి పేజీ చూసింది.

"నీ హిసాబ్ మంచిగుంది రాములు భాయ్. గని నీళ్లు నిమిషాలల్ల రావు, బిందెలల్ల వస్తయి."

సంచులు కుట్టే సుతిలి ఉండ తీసి, మూరెడు మూరెడు ముక్కలు కోసి ఇంటికొకటి పంచింది. బిందె నిండిన ప్రతిసారీ ఒక ముడి వెయ్యాలి. అంతే. నాకు రోషం వచ్చింది. లెక్క నేను రాసిపెడతానని, చదువు రానివాళ్లు తప్పులు చేస్తారని అన్నాను.

"మోసేటోళ్లకు తెల్వదా ఎన్ని మోసిన్రో?" అంది ఆపా. "నువ్వొక్కనివే లెక్కపెడ్తే, రేపు నీకు జరమొస్తే మా నీళ్లకు లెక్కనే ఉండదు."

మరుసటి పూట నీళ్లు వచ్చి పోయాక నలభై ఆరు సుతిళ్లు ఆమె తలుపు పక్కన మేకులకు వేలాడాయి. నేను ముళ్లు లెక్కపెట్టాను. పై ఇళ్ల సగటు పద్దెనిమిది, కింది ఇళ్ల సగటు ఆరు. ఒకే నలభై నిమిషాల్లో సరిగ్గా మూడో వంతు. ఇరవై పూటలు నిలబడి రాసిన నా పుస్తకంలో అది లేదు. ఒక్క పూట సుతిలిలో ఉంది.

ఆఫీసుకు ఎవరు పోవాలన్న మాట వచ్చినప్పుడు అందరూ ఆపానే పొమ్మన్నారు. ఆమె ఒప్పుకోలేదు. బారీ పెడదామంది. బారీ అంటే వంతు. ప్రతి సోమవారం ఒక ఇంటి మనిషి పోవాలి, తలుపుల వరసలో. పోయిన వారం పోయిన మనిషి కూడా వెంట ఉండాలి, మాట తెగిపోకుండా. చదువు రాదనీ, ఆడవాళ్లమనీ, నోరు తిరగదనీ ఎవరు చెప్పినా వినలేదు. "నల్లా కాడ మాట్లాడ్తలేవా? గదే మాట గక్కడ మాట్లాడు," అనేది. చేతికి ఆ వారం సుతిళ్లు ఇచ్చి పంపేది.

మల్లమ్మ బారీ వచ్చిన సోమవారం నేను చూడాలని వెంట పోయాను. ఆఫీసరు సుతిళ్ల కట్ట వైపు చూడనైనా లేదు.

"మీ లీడర్ ఎవరమ్మా?"

"ఈ వారం నేనే సార్."

"పోయిన వారం ఇంకొకాయన వచ్చిండు కదా?"

"గాయన గీయననే సార్," అని పక్కనున్న ముసలాయనను చూపించింది. "వచ్చే వారం మా పక్కింటామె."

"గిట్లయితే మేమెవరితోని మాట్లాడాలె?"

"మాతోనే మాట్లాడుండ్రి. నలభై ఆరు ఇండ్లే కద సార్."

ఆయన ముఖం చూశాను. అది కోపం కాదు. పట్టుకోవడానికి పిడి లేని గిన్నె చేతికి ఇచ్చినట్టు ఉంది. ఒక్క మనిషి ఉంటే బెదిరించవచ్చు, లేదా మెప్పించవచ్చు. వారానికొక మనిషిని ఏం చేస్తారు?

వాళ్లకు పిడి నేనిచ్చాను. ఇది రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఎండాకాలం మొదట్లో ఆఫీసు నుంచి నా ఒక్కడికే ఫోన్ వచ్చింది. వెళ్తే కుర్చీ వేశారు. అన్నేళ్లుగా నిలబడి సంచులు లెక్కపెట్టేవాణ్ని, ఏ ఆఫీసులోనూ నాకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు. చాయ్ తెప్పించారు. నా నోటుబుక్కు సంగతి ఎవరో చెప్పారట. "మీలాంటి లెక్క తెలిసిన మనిషి ఉండంగ ఆ ఆడోళ్ల లొల్లి ఏంది రాములు గారూ?" అన్నాడు ఆఫీసరు. గారు అన్నాడు. పదిహేను నిమిషాలు ఎక్కువ నీళ్లు వదులుతామని కాగితం చూపించాడు. కింద 'బస్తీ అధ్యక్షుడు' అని అచ్చు వేసి, సంతకానికి చోటు వదిలారు.

నీళ్లు నిమిషాల్లో రావని అప్పటికి నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను. ఆ కాగితం పై భాగంలో 'సమస్య పరిష్కారమైనది, బస్తీవాసులు సంతృప్తి చెందినారు' అని ఉంది. అదీ చదివాను.

ఆ పదిహేను నిమిషాలూ ఫంక్షన్ హాలు సంపు నిండింది. కింది నల్లాలు గాలి కక్కాయి. సోమవారం బారీ మనిషి పోతే, మీ దరఖాస్తు మూసేశామని నా సంతకం చూపించి పంపించారు. కొత్త దరఖాస్తు పెట్టి మళ్లీ మొదటి మెట్టు ఎక్కడానికి రెండు నెలలు పట్టింది. నిండు ఎండాకాలం. కింది ఇళ్లవాళ్లు పైకెక్కి పై ఇళ్లవాళ్లను బతిమాలి నీళ్లు మోశారు. మల్లమ్మ వరసగా పనికి ఆలస్యంగా పోయి, ఆ పని పోగొట్టుకుంది. ఒక్క సంతకం విలువ అది. పెట్టించుకున్నవాళ్లకు ఒక కప్పు చాయ్ ఖర్చు.

నేను ఆపా దగ్గరికి పోయినప్పుడు ఆమె తలెత్తలేదు. కుడుతూనే అడిగింది.

"కుర్చీ ఎట్లుండె భాయ్? మెత్తగుండెనా?"

"మర్యాద చేసిన్రు ఆపా. మోసపోయిన."

"మర్యాద నీకు చేసిన్రు. నీళ్లు ఎవరియి తీస్కున్రు?"

ఆమె దారం పళ్లతో తెంపింది. "నాకు చెప్తే ఏమైతది? నేనేమన్న గల్లీకి మాలిక్‌నా? పో, తలుపు తలుపుకు పోయి చెప్పు."

నలభై ఐదు తలుపులు కొట్టాను. నాలుగు నా ముఖం మీదే మూశారు. ఒక ముసలామె మంచినీళ్లు ఇవ్వబోయి, బిందెలోకి చూసి ఆగిపోయింది. ఆ చూపు ముందు ఏ తిట్టూ లెక్క కాదు. మల్లమ్మ గుమ్మంలోనే నిలబడి, "చదువొచ్చినోళ్లకు గిదొక సుఖం అన్నా. ఒక్క గీతతోని ఇరవై ఆరు ఇండ్లు ముంచొచ్చు," అంది.

నన్ను బారీలోంచి తీసెయ్యాలని గల్లీ అంతా పట్టుబట్టింది. నేనూ అదే అన్నాను. ఆపా ఒక్కతే అడ్డం పడింది. "తప్పు చేసినోన్ని తీసుకుంట పోతే, ఆఖర్ల నేను గూడ ఉండ. తప్పు జరగకుండ ఎట్లనో చెప్పుండ్రి." అప్పుడు మల్లమ్మే చెప్పింది: ఒక్కరి సంతకం చెల్లకూడదు, ఈ వారం మనిషిదీ పోయిన వారం మనిషిదీ రెండూ ఉండాలి. సంతకం రాకుంటే వేలిముద్ర. మా గల్లీకి ఉన్న ఒకే ఒక్క రాజ్యాంగం అది. దాన్ని రాసింది నేను కాదు, ఆపా కాదు.

తర్వాతి చలికాలానికి హాలు కనెక్షన్ విడగొట్టారు. ప్రతి సోమవారం కొత్త మనిషి, అవే ముళ్లు, అదే మాట. చివరికి ఆఫీసరే పొద్దున ఆరింటికి మలుపు దగ్గర నిలబడి బిందెలు లెక్కపెట్టాల్సి వచ్చింది. అంతటితో ఆగలేదు. నీళ్లు మళ్లీ హాలుకు పోకుండా, నీళ్లు వదిలే లైన్‌మన్ వాల్వు తిప్పినప్పుడల్లా అతని రిజిస్టర్‌లో మా బారీ మనుషులిద్దరూ గుర్తు పెట్టాలని మావాళ్లు ఒప్పించారు. ఆ రోజు నుంచి కింది ఇళ్లకు పదహారు, పదిహేడు ముళ్లు. పై ఇళ్లకు పదిహేడు. పై ఇళ్లవాళ్లు ఆ ఒక్క బిందె పోయిందని ఏనాడూ గొడవ పడలేదు. ముళ్లు వాళ్లూ వేశారు కదా.

ఆపా పోయిన పన్నెండో రోజు మా వార్డు నాయకుడు సంతాప సభ పెట్టించాడు. ఎక్కడో తెలుసా? ఆ ఫంక్షన్ హాల్లోనే. యజమాని ఉచితంగా ఇచ్చాడని మైకులో రెండుసార్లు చెప్పారు. కుర్చీలు లెక్కపెట్టాను, మూడు వందలు. వేదిక మీద మాట్లాడినవాళ్లు ఎనిమిది మంది. అందులో మా గల్లీవాళ్లు సున్న. ఎనిమిది మందీ ఆమె ఒక్కతే పోరాడిందన్నారు, ఒక్కతే సాధించిందన్నారు, అలాంటి మనిషి మళ్లీ పుట్టదన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లు ఆమె ఏది కాకూడదని పట్టుబట్టిందో, చచ్చిపోయిన పన్నెండు రోజులకే దాన్ని ఆమె నెత్తిన పెట్టారు. ఆమె ఒక్కతే చేసిందంటే, ఆమెతో పాటే అది అయిపోయిందని చెప్పడమే కదా. మిగిలిన నలభై ఐదు ఇళ్లు ఇంటికి పోయి పడుకోవచ్చు.

ఆ తర్వాత నాయకుడు నా పేరు పిలిచాడు. శాలువా కప్పాడు. ఆపా జ్ఞాపకార్థం నీళ్ల బాధ్యత ఇకమీదట రాములు గారిదేనని, వారం వారం ఆడవాళ్లు ఆ రిజిస్టర్ కోసం తిప్పలు పడనక్కర లేదని, రాములు గారి ఒక్క సంతకం చాలని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు.

నిజం చెప్తాను. ఒక క్షణం నాకు బాగనిపించింది. అంత కోపంలోనూ శాలువా వెచ్చగానే ఉంది.

వెనక వరసలోంచి మల్లమ్మ లేచింది. "గట్లెట్లయితది సార్? ఈ వారం బారీ నాది."

నాయకుడు నవ్వాడు. "గది చిన్న ముచ్చటమ్మా, తర్వాత మాట్లాడుకుందాం."

"చిన్నదైతే ఇప్పుడే అయిపోతది. పోయిన వారం మా ఇవతలింటాయనది, ఈ వారం నాది, వచ్చే వారం పక్కింటి ఫాతిమాది. రాములన్న బారీ ఎప్పుడో ఆయన్నే చెప్పమనుండ్రి. లెక్కలు మంచిగొస్తయి ఆయనకు."

మా గల్లీ వరసల్లో నవ్వు లేచింది. మూడు వందల కుర్చీల్లో డెబ్బై దాకా మావాళ్లవే, అప్పటిదాకా వాళ్లను ఎవరూ నోరు తెరవనివ్వలేదు. నా చేతికి మైకు ఇచ్చారు. నేను శాలువా తీసి మడత పెట్టి బల్ల మీద ఉంచాను. తలుపుల వరస మనసులో తిప్పుకున్నాను. ఆ లెక్కలో తప్పు పోకూడదని రెండుసార్లు తిప్పుకున్నాను.

"నా బారీకి ఇంకా ముప్పై ఒక్క వారాలు ఉన్నయి," అని చెప్పి, మైకు మల్లమ్మకు ఇచ్చి కిందికి దిగాను.