ఐదంగుళాల ముక్క

నాకు పైపుల పని నేర్పింది మా అక్క మొగుడు. అందుకు ఆయనకు రోజూ దండం పెట్టుకోవాలని మా అక్క ఇప్పటికీ అంటుంది. నేను పెట్టను.

మూడేళ్ల కిందట మా వీధిలో ఒకరి కొత్తింటి ప్రార్థన జరిగింది. అందరూ భోజనాలు చేస్తుండగా వంటగది గోడలోంచి నీళ్లు కారాయి. అక్కడి పైపు జాయింటు వేసింది బావే. ఇంటాయన అడిగితే తింటున్న చెయ్యి ఆపకుండా, "అది మా బామ్మర్ది చేసినాడు లెండి" అన్నాడు. పాస్టరు గారు విన్నారు, మా అమ్మ వింది. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేశాను. చర్చిలో ఆయన కిటికీ పక్కన కూర్చుంటే నేను గుమ్మం దగ్గర కూర్చుంటాను.

మొన్న వేసవిలో మైపాడు అవతల ఒక రొయ్య పిల్లల హేచరీలో ఉప్పునీటి లైను పనికి మేనేజరు మా ఇద్దరినీ పిలిచాడు. పని వదులుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. ఆయన తొట్టి గోడెక్కి కొలవాలి, నేను కింద కోయాలి. మధ్యాహ్నానికి తల్లి రొయ్యల బండి వస్తుందని, అప్పటికి తొట్టిలో నీళ్లుండాలని మేనేజరు నాలుగుసార్లు చెప్పి వెళ్లాడు. ఈసారి కూడా పని చెడితే, ఆ ఇంటి గోడ కారింది నా చేతి చలవేనని ఊరంతా ఖాయం చేసుకుంటుంది. నా భయమంతా అదే.

బావ కొలిచి, అట్టముక్క మీద అంకె రాసి కిందికి విసిరాడు. పొడి నేల అంత ఉంటే సరిగ్గా బురదలో విసిరాడు.

ఇక్కడ కొలత సంగతి చెప్పాలి. పైపు మలుపు దగ్గర తొడిగే వంపు ముక్కను ఎల్బో అంటాం. బావ ఎప్పుడూ ఈ ఎల్బో మధ్య నుంచి ఆ ఎల్బో మధ్యకు టేపు పట్టి, వచ్చింది వచ్చినట్టు రాస్తాడు. కానీ పైపు ఎల్బో మధ్యదాకా పోదు. లోపలి అంచు తగిలి ముందే ఆగిపోతుంది. మేం వాడే నాలుగంగుళాల పైపుకైతే ఆ తేడా ఒక్కో ఎల్బోకి రెండున్నర, రెండిటికీ కలిపి ఐదంగుళాలు. కోసేవాడు ఆ ఐదూ తగ్గించి కోయాలి. ఇది నాకు నేర్పింది ఆయనే. కలిసి పనిచేసిన ఇన్నేళ్లలో ఆయన తగ్గించి రాసింది లేదు, నేను తగ్గించకుండా కోసింది లేదు.

బురద తుడిచి ఆ అంకె చూస్తుంటే నాకు పాడుబుద్ధి పుట్టింది. రాసింది రాసినట్టే కోస్తే? పైపు ఐదంగుళాలు పొడుగొస్తుంది. అట్టముక్క మేనేజరు చేతిలో పెట్టి, కొలత ఈయనదే అని చెప్పొచ్చు. పెన్సిలు తీసి పూర్తి కొలతకు గీత గీశాను. గీశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ గీతను బొటనవేలితో రుద్దితే సగమే పోయింది. ఐదంగుళాలు తగ్గించి ఇంకో గీత గీసి, దాని మీద కోశాను.

పైకి ఎత్తి ఒక కొస ఎల్బోలో దిగగొట్టాం. రెండో కొస అవతలి ఎల్బో మూతిని కూడా అందుకోలేదు. లెక్క వేసి చూస్తే సరిగ్గా ఐదంగుళాలు తక్కువ.

బావ గోడ దిగాడు. సంచిలోంచి అతుకు వేసే కాలర్ తీశాడు. కోయగా మిగిలిన ముక్క పట్టుకుని, నేను కోసిన కొస నుంచి ఐదంగుళాలు కొలిచాడు. టేపు సరిగ్గా నేను చెరిపిన గీత మీద ఆగింది. ఆయన ఆ గీత మీద వేలు పెట్టాడు.

"ముందు ఈడ గీసినావు" అన్నాడు. మూడేళ్లలో నాతో అన్న మొదటి మాట అది.

"గీసినా. మళ్లీ తుడిచేసినా."

"ఈసారి నువ్వు కావాలనే తగ్గించవని నేనే తగ్గించి రాసినా."

బావ ఆ గీత మీదే ముక్క కోసి, కాలర్‌తో అతుకు వేశాడు. బండి వచ్చేసరికి తొట్టి నిండింది. మేనేజరు వచ్చి పైపు చూసి, కొత్త లైనులో ఈ అతుకు ఎందుకొచ్చిందని అడిగాడు.

"కోత తప్పింది సార్" అన్నాడు బావ, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "కోసింది మా బామ్మర్ది."

నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఆ మొదటి గీత సంగతి కూడా చెప్పాలి. ఇప్పటికీ హేచరీలో ఎవరు చూసినా ఆ అతుకు నాదే అంటారు. నేను ఆయన అనుకున్నంత వెధవనై, మొదటి గీత మీదే కోసి ఉంటే ఆ పైపు చక్కగా సరిపోయేది.