పేదగా పడని ఫొటో

మొన్న పులివెందుల ఆసుపత్రిలో డ్యూటీ దిగి టీ గ్లాసు అందుకున్నానో లేదో, ఫోను మోగింది. నన్ను చదివించిన సంస్థ నుంచి ఒక అమ్మాయి. చక్కటి గొంతు, అంతకంటే చక్కటి మర్యాద. పల్లెల్లోని దళిత పిల్లలకు బడీ మందూ అందించే ఆ సంస్థ తన గురించి ఒక పుస్తకం వేసుకుంటోందట. అందులో నావి రెండు ఫొటోలు పక్కపక్కన పెడతారట, అప్పటిదొకటి, ఇప్పటిదొకటి. నర్సు బట్టల్లో ఉన్నదీ, హాస్టల్లో చేరేముందు తీసిందీ రెండూ పంపాను. కాసేపటికి మళ్లీ చేసింది. "మేడమ్, పాతది బాగుంది గానీ... కొంచెం పేదగా ఉండేది ఏదైనా ఉందా?" అంది. లేదమ్మా అన్నాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. దానికి కారణం మా అవ్వ. అదంతా చెబుతూ కూర్చుంటే టీ చల్లారిపోతుందని ఆ అమ్మాయికి చెప్పలేదు. మీకు చెబుతాను, మీ టీ సంగతి మీరు చూసుకోండి.

మాది జమ్మలమడుగు పక్కన నల్లరేగడి పల్లె. ఊరికి ఎంత దూరంలో ఉంచాలో అంత దూరంలో మా పేట ఉండేది. అమ్మానాన్నలు నాపరాళ్ల గనులకు పనికి పోతే, నన్ను సాకింది అమ్మను కన్న అవ్వ. మనిషి పొట్టి, నోరు మాత్రం పొడుగు. ఊర్లో బడి ఐదో తరగతితో సరి. అదైనా నాకు నేరుగా దక్కలేదు. నా కుడి చెవిలో చీము కారేది, సరిగా వినపడేది కాదు. వాసన వస్తోందని అయ్యవారు నన్ను గుమ్మం పక్కన విడిగా కూర్చోబెట్టేవారు. గాలి బాగా తగులుతుందిలే అని నేను సర్దుకుపోయాను గానీ అవ్వ సర్దుకుపోలేదు. నాటు మందులన్నీ అయ్యాక, ప్రొద్దుటూరులో ఈ సంస్థ హాస్టలు ఉందనీ, చేరిన పిల్లలకు చదువుతో పాటు వైద్యమూ చేయిస్తారనీ ఆమెకు తెలిసింది. అక్కడ చోటు దొరికితే ఆరో తరగతి, చెవికి మందు. దొరక్కపోతే వానలు పడగానే పత్తి చేలో కలుపు. మూడో దారి లేదు.

పాపను తీసుకొస్తే ఫొటో తీస్తాం, అది చూసి దాతలు ఒక్కొక్కరు ఒక్కొక్క బిడ్డను ఎంచుకుంటారు అని కబురొచ్చింది. ఫొటో అన్న మాటకు పేటంతా కదిలింది. మా దగ్గర ఫొటో అంటే పెళ్లికూతురికి తీయాలి, లేదా పోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి తీయాలి. రెండింటికీ ఉన్నవాటిలో మంచి గుడ్డలే కడతారు. పాత గుడ్డల్లో ఫొటో తీయించుకునే మనిషి ఉంటుందని మా అవ్వకు కలలో కూడా తోచలేదు. ఒక ఇంటి నుంచి పట్టులంగా వచ్చింది. అది నాకంటే పొడుగు, నడుం దగ్గర మడిచి పిన్నీసు పెట్టింది అవ్వ. ఇంకో ఇంటి నుంచి రోల్డుగోల్డు హారం, ఇంకెవరివో జుంకాలు. చెవిలో దూది, చెవికి జుంకా. జడనిండా కనకాంబరాలు, మొహం నిండా పౌడరు. బస్సులో కండక్టరు నవ్వి, "ఏమవ్వా, పాపకు పెండ్లా?" అన్నాడు. "నీ పెండ్లికి నన్ను పిలిచినావా ఏందప్పా, మా పాప పెండ్లికి నిన్ను పిలిచేదానికి?" అంది అవ్వ. ప్రొద్దుటూరు దాకా అతను మా వైపు మళ్లీ రాలేదు.

హాస్టలు వరండాలో పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. చిరిగిన చొక్కాలు, రేగిన జుట్టు. పక్కన అమ్మలు గుడ్డసంచులు పట్టుకుని ఉన్నారు. హాస్టలు సారు బయటికొచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. చెడ్డవాడు కాదు, ఆ తర్వాత నన్ను దగ్గరుండి డాక్టరుకు చూపించింది ఆయనే. కానీ ఆయన పద్ధతి ఆయనది. "ఇట్ల తెస్తే యెట్లవ్వా? చూసినోళ్లు ఈళ్లకేం తక్కువ అనుకోరా? ఆ పూలు తీసేసి మొగం కడిగి, పాత గుడ్డలేసి తీసకరాపో" అన్నాడు.

"మాకు తక్కువైంది బడి సారూ. ఆస్పత్రి తక్కువైంది. దువ్వెన తక్కువ కాలేదు" అంది అవ్వ.

"నీ మంచికే చెప్తాండా. దీనంగా ఉంటేనే వాళ్లకు జాలి పుట్టేది. ఇట్లయితే పాపకు సీటు రాదు, మళ్ల నన్ననొద్దు."

సీటు రాదన్న మాట వినగానే నేను గబగబా జుంకా విప్పబోతే అవ్వ నా చేతి మీద ఒక్కటేసింది. "అది తీసినావంటే చెయ్యిరుగుతాది. అడుక్కునేకి రాలేదు మనం, సదువుకునేకి వచ్చినాం." నేను భోరున ఏడ్చాను. పౌడరు చారలు కట్టి కొంచెం పేదగా కనపడ్డానేమో, సారు ముఖంలో ఆశ పుట్టింది. అవ్వ కొంగుతో తుడిచి, రవికెలోంచి పౌడరు పొట్లం తీసి మళ్లీ పూసింది. నన్ను లాక్కెళ్లి కెమెరా ముందున్న స్టూలు మీద కూర్చోబెట్టి, "తియ్యప్పా" అంది. ఫొటోగ్రాఫరు సారు వైపు చూశాడు. సారు పైకప్పు వైపు చూశాడు.

అప్పుడు వరుసలో ఉన్న ఒకామె సంచిలో చెయ్యి పెట్టి, మడత నలగని చొక్కా ఒకటి బయటికి తీసింది. ఆమె వెనక ఇంకొకామె గౌను తీసింది. అందరి సంచుల్లోనూ మంచి గుడ్డలున్నాయి! పాతవి కట్టి తెమ్మన్న మాట మా పేట దాకా రాలేదు గానీ వాళ్లకు అందింది, కట్టారు. అయినా ఫొటో అయ్యాక బిడ్డల్ని ప్రొద్దుటూరు బజారులో అట్లా తిప్పడానికి ఏ తల్లికీ మనసొప్పక వెంట తెచ్చుకున్నారు. "పెద్దమ్మా, పౌడరు రవంత ఇయ్యి" అని ఎవరో అడిగారు. దువ్వెన చేతులు మారింది. చూస్తుండగానే వరండా పెళ్లివారి విడిది అయింది. సారు అరిచాడు, బతిమాలాడు, చివరికి అలిసిపోయాడు. ఒకరినైతే వెనక్కి పంపగలడు, అందరినీ పంపి హాస్టలు ఎవరితో నడుపుతాడు? "తియ్యి, ఏం జేస్తాం" అన్నాడు ఫొటోగ్రాఫరుతో. ఆ ఫొటోలో నేను నవ్వలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గడ్డం పైకెత్తి ఉంది. ఎందుకంటే వెనకనుంచి అవ్వ నా జడ పట్టుకుని కిందికి గుంజుతోంది.

వానలు పడ్డాయి. కబురు రాలేదు. నేను పత్తి చేలోకి దిగాను కూడా. అవ్వ ప్రాణం ఎంత కొట్టుకుందో నాకు తెలుసు, రాత్రుళ్లు నా చెవి మీద అరచెయ్యి పెట్టి పడుకునేది. అయినా, ఆ లంగా కట్టకుండా ఉండాల్సిందని ఒక్కనాడూ అనలేదు. కలుపు సగంలో ఉండగా సారే సైకిలు మీద వచ్చాడు. నన్ను ఎవరు ఎంచుకున్నారో, ఏం చూసి ఎంచుకున్నారో ఇప్పటికీ తెలియదు. జాలితో కాదని మాత్రం ఆ ఫొటో చూసిన ఎవరైనా చెబుతారు. చెవి నయమైంది. అవ్వ తిట్లు మళ్లీ రెండు చెవులా విన్నాను.

అవ్వ పోయి చాలా కాలమైంది. ఈ ఉద్యోగంలో, ఈ ఊళ్లో, కాస్త తగ్గి నిలబడితే పని జరుగుతుంది కదమ్మా అని మంచి చెప్పేవాళ్లు ఇప్పటికీ దొరుకుతూనే ఉంటారు. నాకు చేతకాదని చెబుతాను. పొగరు అనుకుంటారు, అనుకోనీ. దీనంగా నిలబడటం పసితనంలోనే నేర్చుకోవాల్సిన విద్య. ఆ వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. దాటించింది మా అవ్వ.