నీలం చుక్క చూపించిన గట్టు

దయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. బందరులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నాది. విప్పి చూస్తే ప్రతి దానికీ ఏదో ఒక కారణం దొరుకుతుంది. ఈ ఒక్కదానికే దొరకలేదు.

మా అక్కని కోడూరు దగ్గర ఇచ్చారు. బావ రొయ్యల చెరువు కాపలా చూస్తాడు, మహా వేళాకోళం మనిషి. సిగ్నల్ లేకపోయినా ఫోన్లో మ్యాప్ ఎలా పనిచేస్తుందని ఒకసారి అడిగాడు. చెప్పాను. పైన శాటిలైట్లు పంపేది ఫోన్ వింటుంది, దాన్నిబట్టి తనెక్కడుందో లెక్కకట్టుకుంటుంది. టవర్ ఉంటే తొందరగా తేలుతుంది, అంతే. మ్యాప్ మాత్రం ముందే దించుకుని ఉండాలి. ఆ సంగతి ఇంకొకరికి చేరవేయాలంటే టవర్ ఉండి తీరాలి.

"అయితే మరదలా, సిగ్నల్ లేకపోతే నేనెక్కడున్నానో నాకు తెలుస్తుంది, మీ అక్కకి తెలీదు. హమ్మయ్య!" అన్నాడు. అక్క గరిటె పట్టుకుని వెంటపడింది.

మొన్న తుఫానుకి టవర్లన్నీ పోయాయి. అక్కకి తోడుగా నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున్నే గాలి తగ్గగానే చెరువు చూసొస్తానని వెళ్ళిన బావ ఎంతకీ రాలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలేశాడు. ఇద్దరం వెతకడానికి బయల్దేరాం. దారులన్నీ నీళ్ళలో ఉన్నాయి కాబట్టి నా ఫోన్లో ముందే దించుకున్న మ్యాప్ తెరిచాను. ఫోన్ ఎక్కడుందో చూపించే నీలం చుక్క కాసేపటికి మేమున్నచోటే పడింది. దాన్ని చూసుకుంటూ బావ చెరువు దాకా వెళ్ళాం. పాక కూలిపోయి ఉంది. బావ లేడు. అక్క గట్టు మీద కూలబడి ఏడ్చేసింది. ఇంకెటు వెతకాలా అని మళ్ళీ ఫోన్ తీశాను.

అప్పుడు చూశాను. నీలం చుక్క మా దగ్గర లేదు. సముద్రం వైపు, చాలా దూరంగా, ఇంకో గట్టు చివర ఉంది. ఫోన్ ఆపి మళ్ళీ వేశాను. అక్కడే ఉంది. అడ్డమేమీ లేని ఆకాశం కింద కొద్ది గజాలు అటూ ఇటూ కావచ్చు గానీ అంత తేడా రాదు.

"దీనికి పిచ్చిపట్టింది. తప్పు చూపిస్తోందక్కా" అన్నాను.

"తప్పో ఒప్పో, ఏదో ఒకటి చూపిస్తోందిగా. పద" అంది అక్క.

వెళ్ళాం. ఆ గట్టు చివర ఎవరిదో మోటారు షెడ్డు కూలి ఉంది. రేకుల కింద బావ! కాలు విరిగింది. పోటు నీళ్ళు గుండెల దాకా వచ్చేశాయి. ఇంకాస్త ఆలస్యమైతే మునిగిపోయేవాడే. ఎవరిదో గేదెదూడ కొట్టుకుపోతుంటే దాని వెంటపడి అంతదూరం వెళ్ళాడట, మహానుభావుడు. ఇద్దరం ఎలా ఎత్తామో తెలీదు, ఆ రేకులెత్తి బయటికి లాగాం. తర్వాత ఫోన్ చూస్తే చుక్క సరిగ్గా మేమున్నచోటే ఉంది.

ఆసుపత్రిలో అడిగాను, కేకలు వేశావా బావా అని.

"గొంతు పోయింది మరదలా. ఇక్కడున్నా, ఇక్కడున్నా అని మీ అక్కతో మనసులోనే చెప్పుకుంటూ పడున్నా" అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు.

షాపుకి రాగానే ఆ ఫోన్ విప్పాను. ఏ లోపమూ లేదు. అసలు ఆ చుక్క చెప్పేదే ఒక్క మాట, ఇక్కడున్నా అని. ఆ పొద్దున నా ఫోన్ ఆ మాట ఎవరి తరఫున చెప్పిందో నాకు ఇప్పటికీ తెలీదు.