అడుగున ముద్ర

కస్టమ్స్ గోడౌనులో దిగుమతి సరుకు తనిఖీ చేసే ఆయనకు, ఏ వస్తువు చేతికిచ్చినా ముందు తిరగేసి అడుగు చూడటం అలవాటు. నాణ్యత ముద్ర వెతికి వెతికి వేళ్లకే పట్టుకున్న జబ్బు అది. ఒకసారి చుట్టాలింట్లో టీ కప్పును కూడా తిరగేయబోయి చొక్కా తడుపుకున్నాడు. ఆ రోజు ఆయన ముందుకొచ్చినవి సొంత బావమరిది తెప్పించిన కారు ఆయిల్ ఫిల్టర్లు. ఆయన ఒకటి తీసి, రబ్బరు వాసన చూసి, తిరగేశాడు. ముద్ర అట్టపెట్టె మీద ఉంది గానీ ఫిల్టరు మీద లేదు. "పెట్టె మీద ఉందిగా బావా. కావాలంటే ఇక్కడే స్టిక్కర్లు అంటించేస్తాను. ఇది వెనక్కి పోతే నేను రోడ్డున పడతాను," అన్నాడు బావమరిది. "కారుకి బిగించేది పెట్టెను కాదు కదరా. ముద్ర ఫ్యాక్టరీలోనే పడాలి," అని ఆయన సరుకు వెనక్కి పంపమని రాసేశాడు.

సాయంత్రం ఆయనకన్నా ముందే కబురు ఇంటికి చేరింది. భార్య తన తమ్ముడి ఊసెత్తలేదు. కంచం తెచ్చి ఆయన ముందు బోర్లించింది. "ముద్ర ఉందో లేదో చూసుకోండి. ఉంటే వడ్డిస్తాను," అంది. ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని, కంచం మీదికి వంగాడు.

"ఉంది," అన్నాడు. "వడ్డించు."