హెల్మెట్ సారుకు ఆమ్నెస్టీ

అమెరికా సైన్యానికి తెలుగులో అర్జీ రాసే అవసరం ఎవరికైనా వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు. వచ్చింది. అదీ గల్ఫ్‌లో, మెసయీద్‌లోని మా ట్రైనింగ్ షెడ్డులో, ఏసీ పాడైన వారంలో.

నేను అక్కడ ఆఫీసు పనులు చూస్తాను. పొద్దున్నే మేముండే అల్ ముంతజాలో కంపెనీ బస్సెక్కి, కునికిపాట్లు పడుతూ మెసయీద్‌లో దిగుతాను. ఫ్యాక్టరీల్లో మరమ్మతు పనులకు మనుషుల్ని పంపే కంపెనీ మాది. ఎత్తు మీద పనిచేసే ప్రతివాడూ ముందు మా షెడ్డుకొచ్చి భద్రతా పాఠం వినాలి. ఆ పాఠం చెప్పేది అరవై దాటిన ఒక అమెరికా ఆయన. హెల్మెట్ లేని తల ఎక్కడ కనిపించినా షెడ్డు రేకులు అదిరేలా అరుస్తారు కాబట్టి ఆయనకు హెల్మెట్ సారు అని పేరు. ఆ పేరు పెట్టింది జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మా పనివాళ్ళు. నాది కర్నూలు జిల్లా. నాకు ముక్కు మీద కోపమని ఆఫీసంతా చెప్పుకుంటారు. కోపం తెప్పించే వాళ్ళ గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పుకోరు.

ఒకరోజు అందరూ భోజనాలకు వెళ్ళాక సారు నా బల్ల ముందు కూర్చున్నారు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన తల మీద ఉన్న నాలుగు వెంట్రుకలు నేను చూడడం అదే మొదటిసారి.

కుర్రతనంలో ఆయన తమ దేశపు సైన్యంలో ఉన్నారట. ఆయన ప్రేమించింది ఒక మగవాణ్ణని బయటపడింది. అప్పట్లో అలాంటివాళ్ళు సైన్యంలో ఉండకూడదని రూలు. పంపించేశారు. చేతిలో పెట్టిన కాగితం మీద, ఈయనది గౌరవప్రదమైన విడుదల కాదని రాసి, కింద కారణం కూడా రాశారు. తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆ రూలు పోయింది. ఇప్పుడు అలాంటివాళ్ళు దర్జాగా ఉద్యోగం చేసుకుంటున్నారు. పాత కాగితాలు సరిదిద్దమని అర్జీ పెట్టుకోవచ్చు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు పెట్టుకోలేదు?" అన్నాను.

"కోపం" అన్నారు. "వాళ్ళ గౌరవం నాకెందుకు అనుకున్నాను."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

ఇప్పుడెందుకంటే, ఆ ప్రేమించిన మనిషి కోసం. ఆయనా సైనికుడే. ఆయన సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. గౌరవంగా రిటైరయ్యాడు. ఇద్దరూ చాలా ఏళ్ళు ఒకే ఇంట్లో బతికారు. పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చేసరికి, ఈ వయసులో మనకెందుకులే అని నవ్వుకుని ఊరుకున్నారు. ఆయన పోయాక సైనికుల శ్మశానంలో పాతిపెట్టారు. అందులో సారుకు చోటు దొరకాలంటే భార్యో భర్తో అయివుండాలి, లేదా తానే గౌరవంగా విడుదలైన సైనికుడై ఉండాలి.

"పక్కనే అక్కర్లేదు" అన్నారు సారు. "ఆ ప్రహరీ లోపల ఏదో ఒక మూల చాలు."

కర్నూలులో మా ఇంట్లో ఇలాంటి మాటొస్తే మా అమ్మ టీవీ సౌండు పెంచేది. నేను అలా పెరిగినదాన్ని. ఎక్కడ చూడాలో తెలియక స్టేప్లర్ వైపు చూస్తూ విన్నాను. కానీ చచ్చాక పడుకునే చోటు కోసం ఒక పెద్దమనిషి నన్ను బతిమాలుతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. "ఏం చేయాలో చెప్పండి మరి!" అని కసిరాను.

ఈయన మంచివాడని, తెలిసినవాళ్ళు ఉత్తరాలు రాయాలి. సారుకు ఇప్పుడు తెలిసినవాళ్ళంటే మా పనివాళ్ళే. అయితే అసలు కారణం వాళ్ళకు చెప్పకూడదు. ఈ దేశంలో ఆ మాట పొక్కితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. అంటే, ఏ సంగతైతే అమెరికాలో సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలో, అదే సంగతి ఇక్కడ ఊపిరి బిగబట్టి దాచుకోవాలి. ఇలాంటి పథకం ఎవరు తయారుచేశారో గానీ వాళ్ళకో దండం.

మా ఫోర్‌మన్‌ను పిలిచాను. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది, నాకంటే పెద్ద, నేను అన్నా అంటాను.

"అన్నా, సారును వెనకటికి వాళ్ళ మిలిటరీలోనుంచి తీసేసి, కాగితం మీద చెడ్డమాట రాసినారు. ఇప్పుడు రూలు మారింది. ఆ మాట కొట్టేయమని అర్జీ పెడతాండాడు. ఈయన మంచోడని మనోళ్ళతో..."

"సమజైంది చెల్లె. ఇగ చెప్పకు" అని చెయ్యి ఎత్తాడు. "గిసొంటియి మస్తు జూసినం. మేం రాసుకొస్తం."

ఇంత సులువుగా అయిపోయిందేమిటని నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట దగ్గరే నేను మోసపోయాను.

మర్నాటి నుంచి షెడ్డులో అందరూ వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. పాఠం అయ్యాక ఒక్కొక్కరే వచ్చి సారును కావలించుకుంటున్నారు. ఒక వెల్డరు, తెల్ల బ్యాక్‌గ్రౌండుతో ఫోటోలు దిగి దగ్గర పెట్టుకోమని సలహా ఇచ్చాడు. ఇంకొకతను సంచి సర్దుకుని తయారుగా ఉండమన్నాడు, ఎప్పుడు పిలుస్తారో తెలియదట. బుధవారం అందరూ కలిసి ఆయనకొక దుప్పటి తెచ్చిచ్చారు. గల్ఫ్ నుంచి ఇంటికి పోయే ప్రతివాడూ కొనుక్కుపోతాడే, ఎర్ర గులాబీలున్న ఆ లావుపాటి దుప్పటి, జిప్పున్న ప్లాస్టిక్ సంచితో సహా. బయటేమో గాడ్పు కొడుతోంది.

"ఇంటికి ఖాళీ చేతులతోని పోతరా సారూ" అన్నాడు వెల్డరు.

సారుకు తెలుగు రాదు. అయినా కళ్ళ నీళ్ళు పెట్టుకుని దుప్పటిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. భారతీయులు వీడ్కోలును ఇంత ముందుగా చెబుతారా అని నన్ను అడిగితే, మావాళ్ళకు ప్రేమెక్కువ అన్నాను. ఇంకేం చెప్పను?

గురువారం సాయంత్రం నేను బస్సెక్కి వెళ్ళిపోయాక ఫోర్‌మన్ ఉత్తరాలు తెచ్చిచ్చాడు. అక్షరాలు ఎంత అందంగా ఉన్నాయో అని మురిసిపోయి, సారు అప్పటికప్పుడే స్కాన్ చేసి అమెరికాకు పంపేశారు. శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం పొద్దున నేను చదివాను. టీ కప్పు చేతిలో అలాగే చల్లారిపోయింది.

"గౌరవనీయులైన అమెరికా మిలిటరీ కంపెనీ మేనేజరు గారికి నమస్కరించి వ్రాయునది. మా హెల్మెట్ సారు వయసులో ఉండగా తెలియక తమరి కంపెనీ నుండి ఖల్లివెల్లి అయినాడు. ఇప్పుడు తమరు దయతో ఆమ్నెస్టీ పెట్టినారు కావున..."

కంపెనీని వదిలేసి, కాగితాలు లేకుండా బయట తిరిగేవాణ్ణి మా క్యాంపుల్లో ఖల్లివెల్లి అంటారు. అప్పుడప్పుడూ గల్ఫ్ ప్రభుత్వాలు రూలు సడలించి, అలాంటివాళ్ళను శిక్ష లేకుండా ఇంటికి పోనిస్తాయి. అది ఆమ్నెస్టీ. రూలు మారింది, కాగితం బాగు చేస్తారు అని నేను అనగానే మా ఫోర్‌మన్‌కు సమజైంది ఇదన్నమాట. గల్ఫ్‌లో ఇన్నేళ్ళు బతికిన మనిషికి ఇంకేం సమజవుతుంది!

మిగతావీ అలాగే ఉన్నాయి. పాస్‌పోర్టు తమ దగ్గరే వదిలి పారిపోయినందుకు సారు చాలా బాధపడుతున్నాడని ఒకటి. వేలిముద్రలకు ఎప్పుడు పిలిచినా వస్తాడు, జైలు వేయకుండా ఇంటికి పోయే ఎగ్జిట్ ముద్ర కొట్టగలరని ఇంకొకటి. వెల్డరు మాత్రం ఎవరికీ తల వంచలేదు. "జీతం టైముకు ఇచ్చి ఉంటే ఈ సారు పారిపోయేవాడు కాదు. ఇందులో మిలిటరీ కంపెనీ తప్పు కూడా ఉన్నది" అని రాసి, కింద గీత కొట్టాడు.

సైన్యం పెట్టిన నేరం ప్రేమ. మావాళ్ళు దానికి పారిపోవడం కూడా కలిపారు. పైగా ప్రేమతో.

ఎవరికీ చెప్పలేక నేను ఆ వారమంతా నెత్తి పట్టుకుని కూర్చుంటే, వారం చివర అమెరికా నుంచి జవాబొచ్చింది. మీరు పంపిన ఉత్తరాలు ఏ భాషలో ఉన్నాయో తెలియలేదు, ఇంగ్లీషు అనువాదం పంపండి, అనువాదం నిజమైనదని అనువాదకుడు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి అని. అనువాదకుడెవరు? నేనే. ఉన్నదున్నట్టు రాస్తే సారు కొంప ముంచినదాన్నవుతాను. మార్చి రాస్తే అమెరికా సైన్యానికి దొంగ ప్రమాణం చేసినదాన్నవుతాను. మా ఆయనకు ఫోన్ చేస్తే పది నిమిషాలు ఆపకుండా నవ్వాడు. ఆ రోజు ఇంట్లో ఆయనే వంట చేసుకున్నాడు.

ఫోర్‌మన్‌ను పిలిచి దులిపేశాను. "ఎవురు చెప్పినారన్నా మీకు పారిపోయినాడని? మిలిటరీలోనుంచి పారిపోతే జైల్లో ఏస్తారు తెలుసునా! ఏంటికి ఇట్ల రాస్తిరి?"

"మరి ఏం జేసిండు?" అన్నాడు.

"అది మీకెందుకు? అవన్నీ వెనక్కి తీసుకుని కొత్తవి రాయండి."

"ఒక్కపాలి తెల్వక రాసినం చెల్లె. మళ్ళొక్కపాలి తెల్వక రాస్తమా? సారు ఏం జేసిండో, సారుకేం గావాల్నో జెప్పు. జెప్పకుంటే నేనైతే సంతకం పెట్ట" అన్నాడు.

అతను అన్నది న్యాయమే, అందుకే ఇంకా మండింది. సారుకు ఇంగ్లీషులో అంతా చెప్పాను. ఉత్తరాల్లో ఏముందో విని ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత లేచి షెడ్డు తలుపు వేసి, ఫోర్‌మన్ ఎదురుగా వచ్చి కూర్చున్నారు. పాఠాలు చెప్పే హిందీలోనే చెప్పారు. ఆయనకు వచ్చిన హిందీ అంతే.

"మేరా దోస్త్ మర్ గయా. ఉస్కా కబర్ ఉధర్. హమ్‌కో భీ ఉధర్ జానే కా. కాగజ్ ఖరాబ్, తో నో ఎంట్రీ."

"దోస్తా?" అన్నాడు ఫోర్‌మన్.

"దోస్త్. పూరా జిందగీ" అన్నారు సారు.

నాకు ఆ మాట ఈ గదిలోంచి ఎంతదూరం పోతుందో, పోతే సారుకేమవుతుందో అని భయమేసింది. ఫోర్‌మన్ సారును చాలాసేపు చూశాడు. అతనికి అర్థమైంది. అర్థమైందని నేను అతని ముఖంలో చూశాను. ఇంకో ప్రశ్న అడుగుతాడేమోనని బిగుసుకుపోయి కూర్చున్నాను.

"అయితే పారిపోలే" అన్నాడు చివరికి.

"పారిపోలేదన్నా. ఎళ్ళగొట్టినారు."

"మరి గది ముందుగాల జెప్పొద్దా చెల్లె! పీనుగను దాని జాగకు తోలుకపోవుడుకు కాగితం అడ్డమొచ్చిందను. గంతే గదా." మా క్యాంపులో ఎవరైనా చనిపోతే ఆసుపత్రి నుంచి ఎయిర్‌పోర్టు దాకా శవం వెంట తిరిగి కాగితాలు చేయించేది ఇతనే. ఒక్క ముద్ర తక్కువై ఇక్కడే రోజుల తరబడి ఉండిపోయిన వాళ్ళ గురించి అప్పుడప్పుడు చెప్పేవాడు, చెప్పి అన్నం తినకుండా లేచిపోయేవాడు. "మిగిలింది నాకెందుకు? నేనెవ్వలికీ జెప్ప. తే, పెన్ను తే."

ఈసారి ఒక్కటే ఉత్తరం. అతను చెప్పాడు, అతని ముందే నేను రాశాను, అతను సంతకం పెట్టాడు.

"ఈ సారు నాకు బాగా తెలుసు. ఎండలో మాతో పాటు నిలబడతాడు. బెల్టు కట్టుకోకుంటే ఎవ్వరినీ పైకి ఎక్కనివ్వడు, మేనేజరు చెప్పినా ఎక్కనివ్వడు. ఈయన వల్ల ప్రాణంతో ఇంటికి పోయినవాళ్ళు మాలో ఉన్నారు. మొదటి ఉత్తరాల్లో పారిపోయినాడని రాసింది మా తెలివితక్కువతనం. మీరు దానిని లెక్క చేయవద్దు. మనిషి చచ్చిన తర్వాత తనవాళ్ళ దగ్గరికి పోవాలె. మీరు అడ్డం పడవద్దు."

చివరి వాక్యాన్ని ఇంగ్లీషులో కాస్త మెత్తగా రాద్దామనుకున్నాను. ప్రమాణం గుర్తొచ్చి ఉన్నదున్నట్టు రాశాను. మొదటి ఉత్తరాల అనువాదం కూడా ఉన్నదున్నట్టే పంపాం, వెల్డరు కొట్టిన గీతతో సహా.

ఆ తర్వాత చాలా నెలలు చడీచప్పుడూ లేదు. వేసవి పోయింది, చలికాలం వచ్చింది, మళ్ళీ ఎండలొచ్చాయి. సారు ఇంటికి పోయే ఔట్‌పాస్ ఇంకా రాక ఇక్కడే చిక్కుకున్నాడని పనివాళ్ళు జాలిపడ్డారు. వాళ్ళకు ఎవరూ ఏమీ విప్పి చెప్పలేదు.

సరిదిద్దిన కాగితం వచ్చిన రోజు సారు నన్నూ ఫోర్‌మన్‌నూ లోపలికి పిలిచారు. గౌరవప్రదమైన విడుదల అని ఉంది. కారణం అని ఉన్న చోట, పై అధికారుల అధికారం మేరకు అని ఉంది. అంటే ఆయనను ఎందుకు పంపించేశారో ఇప్పుడు సైన్యానికి కూడా తెలియదు. ఆ ముక్క నేను చదివి చెబితే ముగ్గురం నవ్వుకున్నాం.

"అయితే జాగ దొరికిందా సారూ?" అన్నాడు ఫోర్‌మన్.

నేను ఇంగ్లీషులో అడిగాను. దొరుకుతుంది అన్నారు సారు.

"ముబారక్" అని ఫోర్‌మన్ రెండు చేతులతో సారు చెయ్యి పట్టుకుని ఊపాడు. సమాధి దొరికినందుకు ఒక మనిషి ఇంకొక మనిషిని మనసారా అభినందించడం నేను కళ్ళారా చూశాను. నేనూ అభినందించాను. సంతోషంగానే ఉంది మరి.

"ఇప్పుడు ఎప్పుడు చచ్చినా ఫరవాలేదు" అన్నారు సారు. దాన్ని నేను తెలుగులో చెప్పాను.

ఫోర్‌మన్‌కు ఒక్కసారిగా కోపమొచ్చింది. "ఈడ మాత్రం సావకు సారూ. ఈడికెళ్ళి అమెరికాకు పీనుగను తోలుడు నాకు రాదు. ఇంటికి వొయ్యి, ఆయన దగ్గర్నే సావు" అన్నాడు.

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన దగ్గర అనే మాట దాకా వచ్చి ఆగిపోయాను. అక్కర్లేకపోయింది. సారు అప్పటికే ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.