లచ్చుమ్మ అడిగిన ప్రశ్న, నా రూతు తెరిచిన నోరు

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, నా బిడ్డ నోట ఒక్క మాటైనా రాని చీకటి దినాలు నా ఇంట్లో ఉండేవి, ఆ దినాలను దాటించిన దేవుని గురించి చెప్పకపోతే నా గుండె ఊరుకోదు!

నా భర్త ప్రభువునందు నిద్రించిన తరువాత మిషను దొరసానిగారు దయతలచి నన్ను కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెకు పంతులమ్మగా పంపారు. నేనూ నా కూతురు రూతూ ప్రార్థన గుడి పక్క గదిలో ఉండేవాళ్లం, కాపుల పిల్లలు కూడా మా బడికి వచ్చి అక్షరాలు దిద్దేవారు. అలాంటిది ఉన్నట్టుండి ఆ పిల్లలంతా రావడం మానేశారు, నేను వీధిలోకి వస్తే ఇండ్లలోకి పరుగెత్తేవారు, రూతుకు ప్రాణస్నేహితురాలైన లచ్చుమ్మ కూడా అంతే. ఏమిటా అని విచారిస్తే, కిరస్తానం వాళ్లు ఆదివారం మనుషుల రక్తం తాగుతారని ఊరంతా అనుకుంటున్నారట! కోడిని కోస్తుంటేనే కళ్లు మూసుకునేదాన్ని నేను!

నాకు కోపం ముక్కు మీదనే ఉంటుందని మీకు తెలియనిది కాదు. ఆ సాయంత్రమే మోకాళ్లూని గట్టిగా ప్రార్థించాను: "ప్రభువా, ఈ మాట ఏ నోట పుట్టిందో ఆ నోరు నీవే మూయించు." రూతు పక్కనే ఉంది.

మరునాటి నుండి రూతు మాట్లాడలేదు. జ్వరం లేదు, గొంతు నొప్పి లేదు, పిలిస్తే చూస్తుంది, అడిగితే తల దించుకుంటుంది. ఆసుపత్రి దొరగారు గొంతు చూసి జబ్బేమీ లేదన్నారు. ఎంత ఏడ్చానో! ఆ బిడ్డ తప్ప నాకెవరున్నారు?

ఒక మధ్యాహ్నం మా కంపకంచె వెనుక నుండి లచ్చుమ్మ తొంగి చూస్తూ కనబడింది. తరిమేద్దామనే లేచాను, కానీ ప్రభువు నా నాలుకను పట్టుకున్నాడు. అంత భయపడే పిల్ల ఏం చూద్దామని వచ్చిందో తెలుసుకోవాలనిపించింది, నీకేం అడగాలనుందో అడుగు, తిట్టను అన్నాను.

"ఎవుర్ని సంపి తెస్తారమ్మా ఆ రగతం?"

ఇది నీకెవరు చెప్పారే అన్నాను.

"మీ రూతే. ఆదివారం మేము యేసు రగతం తాగుతామని శానా సంతోసంగా చెప్పె."

సహోదరులారా, అప్పటికి గాని నాకు అర్థం కాలేదు! బల్లారాధనలో రసం అందిస్తూ 'ఇది యేసు రక్తం' అనగా విన్న మాటను నా బిడ్డ స్నేహితురాలితో ముచ్చటగా చెప్పుకుంది, ఆపైన నా ప్రార్థన విని, దేవుడు మూయమన్నది తన నోరే అనుకుని భయంతో తానే మూసుకుంది. గడపలో కూర్చున్న రూతును ఒడిలోకి లాక్కుని, "ప్రభువా, ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను, నా బిడ్డ భయం తీసెయ్యి" అని ఏడ్చాను.

తరువాత డబ్బాలోని ఎండుద్రాక్ష తెచ్చి, దీన్నే నానబెట్టి పిండుతామనీ, మా ప్రభువు మాకోసం ప్రాణం పెట్టాడని మరిచిపోకుండా ఆ రసం తాగుతామనీ ఇద్దరికీ చెప్పాను. నేను వద్దనే లోపలే లచ్చుమ్మ ఒకటి నోట్లో వేసుకుని, ఇంతేనా అని మూతి విరిచింది. రూతు పకపకా నవ్వింది! నవ్వి, ఎన్నాళ్ల నుండి కడుపులో దాచుకుందో, లచ్చుమ్మను ఇలా అడిగింది:

"మీ అహోబిలం దేవుడు పిల్లోళ్లను తింటాడంట, నిజమేనా?"

"తినడే! సిన్నపిల్లోన్ని కాపాడేకే వచ్చినాడంట, మా అవ్వ చెప్పె."

తింటాడని నా బిడ్డకు చెప్పిందెవరు? మన వాళ్లే, మన అరుగుల మీదనే! నా విశ్వాసం వెంట్రుకవాసి కదలలేదు, కానీ రెండు ఇండ్లలోనూ పెద్దవాళ్లం పిల్లలకు భయాన్నే అన్నంలో కలిపి పెడుతున్నామని ఆనాడు తెలిసింది.

చీకటి పడేలోగా లచ్చుమ్మ అవ్వ వచ్చింది. మనవరాలు మా ఇంట తిన్నందుకు గొడవేననుకుంటూ బయటికి వచ్చాను. ఆమె కంచె అవతలే నిలబడి, పిల్ల తిన్నదేమిటో చూపించమంది. చూపించాను. ముట్టుకోకుండానే చూసి వెళ్లిపోయింది. తెల్లవారాక మాత్రం లచ్చుమ్మను తానే చేయి పట్టుకుని బడికి తెచ్చి కూర్చోబెట్టింది, దాని వెనుక మిగిలిన పిల్లలూ ఒక్కొక్కరే వచ్చారు.

ఇప్పుడు రూతు వాగుడు ఆపమన్నా ఆపదు, దేవునికే మహిమ! ప్రియులారా, మీ బిడ్డలు పొరుగువారి దేవుని గురించి అడిగితే కసరకండి, పొరుగు బిడ్డ మన దేవుని గురించి అడిగితే తరమకండి, కూర్చోబెట్టుకుని నిజం చెప్పండి. చిన్నపిల్ల ప్రశ్నకు బెదిరేంత అల్పుడు కాడు మన ప్రభువు, ఆయనను నమ్మండి!