తడిగుడ్డ పాఠం

స్తుతి తండ్రి ఆంథోని సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ లారీ నడిపేవాడు. కూతురు సైన్సు టీచరైంది. పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పాక, ములకలపల్లిలో ప్రాథమిక పాఠశాలల టీచర్లకు మూడు రోజుల శిక్షణ ఇచ్చే పని ఆమెకు అప్పగించారు. కొత్త ప్రమాణాల ప్రకారం సైన్సు పాఠం ప్లానును ముందుగా ఒక పట్టికలో ఎలా రాసుకోవాలో నేర్పాలి. పిల్లలు జవాబు బట్టీ పడితే చాలదు; ఊహించాలి, చేసి చూడాలి, కారణం చెప్పాలి.

మొదటి రోజు మధ్యాహ్నం మంగీలాల్ లేచాడు. అడవి అంచున ఉన్న కోయగూడెం బడిలో పదకొండేళ్లుగా ఆయనొక్కడే టీచరు.

“మేడం, మీ పట్టిక మంచిగనే ఉంది. మా పిల్లలు ఇంట్ల కోయ మాట్లాడుతరు. గిట్ల అడిగితే నోరు తెరవరు.”

“రేపు మీ బడికే వస్త సార్. నేనే పాఠం చెప్పి చూపిస్త,” అంది స్తుతి.

మరునాడు కోయగూడెం బడిలో, శిక్షణకు వచ్చినవాళ్లలో ఆరుగురు టీచర్లు వెనక బల్లల మీద కూర్చున్నారు. నీరు ఆవిరయ్యే పాఠం. స్తుతి తడిగుడ్డ పైకెత్తి, “ఇది ఎండల జల్దీ ఆరుతదా, నీడలనా?” అని అడిగింది. పిల్లలు గుడ్డనే చూస్తూ ఉండిపోయారు. మళ్లీ అడిగినా అంతే. ఇక్కడ జవాబు రాకపోతే ఏం చేయాలో తన కాగితంలో ఎక్కడా లేదు.

“సార్, మీరు అడుగుతరా?” అంది చివరికి.

అడవిలో ఏరుకొచ్చిన ఇప్పపూలు ఇంట్లో ఎలా ఎండబెడతారని మంగీలాల్ కోయలో అడిగాడు. గదంతా మాటలే. ఐదో తరగతి పిల్ల ఒకతి గట్టిగా వాదిస్తోంది. ఆయన తెలుగులో చెప్పాడు: “ఎండ లేకున్నా గాలుంటే ఆరుతయంటుంది మేడం. పోయిన ఎండకాలం మబ్బు పట్టినప్పుడు చూసిందంట.”

స్తుతి ప్లానులో గాలి ఊసే లేదు. కాగితం పక్కన పెట్టి, గుడ్డను రెండు ముక్కలు చేసింది. ఒకటి కిటికీలు మూసిన గదిలో, ఇంకొకటి వరండా నీడలో గాలికి ఆరేయించింది. ఏది ముందు ఆరుతుందో పిల్లలు నోటుపుస్తకాల్లో రాశారు. గంట తర్వాత చూస్తే వరండాలోది ఆరింది, గదిలోది ఇంకా తడిగానే ఉంది.

మూడో రోజు శిక్షణలో ఆమె ఏమీ దాచలేదు. “నిన్న నా ప్లాన్ ఫెయిలైంది. నేనేం చెప్పాల్నో రాసుకున్న గని, పిల్లలకు ఏం తెల్సో రాసుకోలే.” పట్టికలో అన్నిటికంటే పైన కొత్త గడి గీసింది: పిల్లలకు ముందే తెలిసినది, వాళ్ల మాటల్లో. ఆ పూట శిక్షణ నడపమని మంగీలాల్‌ను పిలిచింది.

“మైకు పట్టుడు నాకు రాదు మేడం,” అంటూనే వచ్చి గంట మాట్లాడాడు.

తర్వాత రెండు నెలలు స్తుతి టీచర్లు రాసిన ప్లాన్లు చూస్తూ బడులు తిరిగింది. నాలుగు చోట్ల ఆ కొత్త గడిలో ఇప్పపూలే కనిపించాయి. అందులో ఒకటి చుట్టూ చేలు తప్ప అడవే లేని ఊరు. “ఇది మీ పిల్లలు చెప్పిందేనా?” అని అడిగితే అక్కడి టీచరు రామ్‌చందర్ నవ్వి తల దించుకున్నాడు. స్తుతి కోప్పడలేదు. మూడో తరగతి పిల్లలను పిలిపించి, వాళ్ల ఇళ్లల్లో ఏమేమి ఎండబెడతారో అతన్నే అడగమంది.

“మిర్చి,” అన్నారు పిల్లలు.

రామ్‌చందర్ గడిలోది కొట్టేసి, ఆ మాట రాసుకున్నాడు.